అడిగి తెచ్చిన తోడు

రక్తం వెనక్కి రాలేదు.

సిస్టర్ కరుణ సిరంజిని మళ్లీ మెల్లగా వెనక్కి లాగింది. సన్నని గొట్టంలో ఉప్పునీళ్లే తప్ప ఎర్రచుక్క కనిపించలేదు. "చెయ్యి పైకెత్తండి మేడం," అంది. మంచం మీద పడుకున్న మంజుల ఎత్తింది. "తల అటు తిప్పండి." తిప్పింది. "గట్టిగా దగ్గండి." దగ్గింది. "ఇంకోసారి."

"నేను గొర్రెలకు గిన్ని కసరత్తులు చెప్తే అవి నన్ను కుమ్మి పడేసేవి కరుణా," అంది మంజుల.

కరుణ నవ్వలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ సుగుణ అసలే నవ్వలేదు. ఆమె చూపంతా చెల్లెలి కుడి మెడ ఎముక కిందే ఉంది. అక్కడ చర్మం లోపల రూపాయి బిళ్లంత ఉబ్బు. దాన్నే పోర్టు అంటారు. దాన్నుంచి సన్నని గొట్టమొకటి పెద్ద నరంలోకి దిగి గుండె దాకా వెళ్తుంది. రోజూ ఆ ఉబ్బు మీద వంపు సూది గుచ్చి మందు ఎక్కిస్తారు. ఎక్కించే ముందు కొంచెం రక్తం వెనక్కి లాగి చూస్తారు. వస్తే దారి బాగున్నట్టు. సోమవారం వచ్చింది. మంగళవారం బతిమాలితే వచ్చింది. బుధవారం పది నిమిషాలు బతిమాలించుకుంది. గురువారం నాటికి మాట వినడం మానేసింది.

మంజుల పశువుల డాక్టరు. రెండేళ్ల కింద జనగామ వైపు గొర్రెల మందలు చూస్తూ తిరుగుతున్నప్పుడు గొర్రెల రక్తం పీల్చే పిడుదు ఒకటి మోకాలి వెనక కరిచింది. "గొర్రెను పట్టింది గొర్రెల డాక్టరును పట్టదా," అని అప్పట్లో తనే నవ్వింది. ఆ పిడుదు మోసుకొచ్చింది లైమ్ జబ్బు. మామూలు లైమ్ అయితే చాలామందికి కొన్ని వారాల మందులతో తగ్గిపోయేది. ఇది ఆ ఏడే కొత్తగా పుట్టుకొచ్చిన మొండి రకం. కీళ్లలో చేరింది, నరాల్లో చేరింది, చివరికి గుండెలో కాపురం పెట్టింది. ఏడాదిపాటు నరంలోకి మందు ఎక్కిస్తే తప్ప లొంగదన్నారు. మూడు నెలలకే చేతుల నరాలు గట్టిపడిపోయాయి. ఎడమవైపు పెట్టిన మొదటి పోర్టులో క్రిములు చేరాయి. ఉప్పునీళ్లు ఎక్కించిన గంటకల్లా మంచం ఊగేంత వణుకు వచ్చేది. దాన్ని తీసేసి మెడ నరంలోకి పెట్టిన రెండోది గడ్డకట్టి పూడిపోయింది. ఇది మూడోది, ఆఖరిది. ఇంకో దారి వేయడానికి ఆ ఒంట్లో నరం మిగల్లేదు.

ఈ మూడోదానికి ఒక ప్రత్యేకత ఉంది. దాని గొట్టానికి లోపలా బయటా ప్రాణమున్న పొర ఒకటి పూశారు. హాని చేయని సూక్ష్మజీవుల్ని పెంచి చేసిన కాపలా పొర అది. చెడ్డ క్రిమి వచ్చి వాలబోతే దానికి చోటు దొరకనివ్వదు, రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అన్నిటికన్నా గొప్ప సంగతి, వెంట్రుకంత మందం చేరగానే ఆ జీవులు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి: చాలు, ఇక పెరగొద్దు అని. హనుమకొండలోని ఈ ఆసుపత్రికి ఆనుకుని ఉన్న పరిశోధన కేంద్రంలో పదకొండేళ్లు చాకిరీ చేసి దాన్ని తయారుచేసింది సుగుణే. ప్రపంచంలో దాన్ని ఒంట్లో పెట్టుకున్నది ఇద్దరే ఇద్దరు. ఒకరు మంజుల. రెండో మనిషి బీరయ్య అని ఒక గొర్రెల కాపరి.

మధ్యాహ్నం కాకముందే సర్జన్ ఫసియుద్దీన్ గారు రంగుమందు పంపి కదిలే ఎక్స్‌రే తీయించారు. తెర మీద గొట్టం చివర సన్నని తోకలాంటిది గుండె గదిలోకి వేలాడుతోంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది ఊగుతోంది.

"ఇది రక్తపు గడ్డ కాదు సుగుణ గారూ. మీ పొర," అన్నారాయన. "పెరుగుతూనే ఉంది. గొట్టం లాగితే ఇది తెగి ఊపిరితిత్తుల్లో పడ్తది. లాగకపోతే ఇంకా పెరిగి అదే తెగి పడ్తది."

"ఎంత టైముంది?"

"శనివారం సాయంత్రం దాకా అనుకుంటున్న. అంతకన్నా ఎక్కువ చెప్తే అబద్ధం చెప్పినట్టు."

సుగుణ ల్యాబుకు వెళ్లింది. నడిచిందో పరుగెత్తిందో ఆమెకే తెలియదు. వెచ్చని అరలోంచి గాజు కుప్పె తీసి, తీగ ముంచి పైకెత్తింది. తీగ చివరినుంచి జిగురు దారం సాగింది. బెత్తెడు సాగింది, జానెడు సాగింది, అయినా తెగలేదు. ఈ సాగుడు ఆమెకు కొత్త కాదు. పది రోజుల కింద రెండు వేళ్ల వెడల్పు సాగినప్పుడు, పెంపకం ద్రవంలో చక్కెర ఎక్కువైందని తనకు తాను సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ల తప్పులకు ఒక సుఖం ఉంది. వాటికి మంచి పేర్లు పెట్టుకోవచ్చు.

అసలు తప్పు బతుకమ్మ సెలవుల్లో జరిగింది. నాలుగు రోజులు ల్యాబు మూసి ఉన్నప్పుడు శీతలపెట్టెకు కరెంటు పోయింది. పొర తాలూకు మూలవిత్తనం పన్నెండు సీసాల్లో గడ్డకట్టించి ఉండేది. ఎప్పుడు కావాలన్నా ఆ సీసాలోంచే కొత్తగా మొదలుపెట్టాలి. నియమం అదే. సెలవుల తర్వాత అందరికన్నా ముందు వచ్చి పెట్టె తెరిచింది సుగుణ. పన్నెండూ నీళ్లయి ఉన్నాయి. పదకొండింట్లో జీవం పోయింది. ఒక్కదాంట్లో మాత్రం కొన ఊపిరి ఉంది.

ఆ సంగతి రాసి పైకి పంపాలి. పంపితే ప్రయోగం ఆగుతుంది, మొదటినుంచీ మళ్లీ మూలవిత్తనం తయారుకావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. సరిగ్గా ఆ వారమే మంజుల రెండో పోర్టు పూడిపోయింది. సుగుణ నోరు మూసుకుంది. ఆ బతికిన సీసాను మళ్లీ గడ్డకట్టిస్తే చస్తుందేమోనని, కుప్పెలో పోసి పెంచింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దున నిన్నటి దాంట్లోంచి చెంచాడు తీసి ఇవాళ్టి దాంట్లో కలిపింది. వాళ్లమ్మ పెరుగు తోడేసినట్టే. వాళ్లింట్లో నలభై ఏళ్లుగా ఒకే తోడు నడుస్తోందని అమ్మ ఊరంతా చెప్పుకునేది. నలభై ఏళ్లు పెరుగు నడవగా లేంది నాలుగు నెలలు పొర నడవదా అనుకుంది సుగుణ. పోర్టు పెట్టడానికి అనుమతి వచ్చేదాకా తొంభై ఆరు రోజులు అలా నడిపి, తొంభై ఏడో రోజున ఆ పొరే పూసిన పోర్టును చెల్లెలికి పెట్టించింది. పరీక్షలన్నీ పాసైంది. చాలు అనే కబురు పంపడం మరిచిపోయిందన్నది మాత్రం ఏ పరీక్షా పట్టలేదు. అది ఒంట్లోకి పోయి రెండు నెలలు గడిస్తేగానీ బయటపడలేదు.

మంజుల బట్టలు తేవడానికి సుగుణ ఒంటిగంటకు ఇంటికి వెళ్లింది. అమ్మ అండాలమ్మ కంచం ముందు కూర్చోబెట్టింది. సుగుణ అన్నం కెలుకుతూ కూర్చుంది. ఏమైందని అమ్మ నాలుగుసార్లు అడిగాక, దాచిందంతా ఒక్కసారిగా కక్కేసింది. కరెంటు పోవడం, సీసాలు, రోజూ తోడు, తీగలు సాగడం, అంతా.

అండాలమ్మ కొంగుతో మూతి తుడుచుకుని అంది. "నలభై ఏండ్లు ఒకే తోడని నీకెవలు చెప్పిండ్రు?"

"నువ్వే గదనే!"

"మీ నాయన ముందర చెప్పుకున్న. మీ మేనత్త ముందర చెప్పుకున్న. పెరుగన్నంక చెడిపోదా బిడ్డా? ఎండకాలమొస్తే తీగలు సాగుతది. ఎన్నిమార్ల సాగిందో లెక్కే లేదు. సాగినప్పుడల్లా అంతా పారవోసి, ముంత కడిగి ఎండవెట్టి, ఎనుక గల్లీల ఖాసింబీ ఇంట్ల అడిగి తెచ్చుకున్న. ఆమెకు చెడిపోతే నా తాన తీస్కపోయేది."

సుగుణ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మరి మాకెందుకు చెప్పలే?"

"అడగవోతే మనింట్ల చెడిందని ఒప్పుకున్నట్టే గదా. సిగ్గాయె. కొంగు చాటుకు ముంత వెట్టుకొని పోయేది." అండాలమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "నా గొప్పలు విని నువ్వు గింత పని చేస్తవని నాకెర్కనా?"

సుగుణ కంచంలోనే చెయ్యి కడిగేసింది. అమ్మ మాటల్లో ఒక్కటే ఆమె చెవిలో మోగుతోంది. ఇంకో ఇంట్లో అడిగి తెచ్చుకోవడం. ఆ ఇంకో ఇల్లు లోకంలో ఒక్కటే ఉంది. బీరయ్యకు పోర్టు పెట్టింది సెప్టెంబరులో, కరెంటు పోక ముందు. అతని ఛాతీలో ఉన్నది అసలు పొర. దానికి చాలు అని చెప్పడం వచ్చు. మంజుల ఒంట్లో ఉన్నది ఆ మాట చెప్పడం మరిచిపోయిందిగానీ, వినడం మరిచిపోలేదు. ఇలా మాట మరిచిన రకాల మీద ల్యాబులో ఆ పరీక్ష ఎప్పుడో చేసి చూసింది. అసలు పొరను కొంచెం పెంచి మంజుల గొట్టంలోకి పంపితే, ఆ కబురు విని తోక తనంత తానే పలచబడి కరిగిపోతుంది. ఆ కబురును మందుగా తయారుచేయొచ్చుగానీ దానికి నెలలు కావాలి. చేతిలో ఉన్నవి రెండు రోజులు.

ఇవాళ గురువారం, బీరయ్య వాళ్ల మాటలో బేస్తారం. మూడు గంటలకు బీరయ్య పోర్టు కడిగించుకోవడానికి వస్తాడు.

బీరయ్య రానే వచ్చాడు, భుజాన గొంగడి, వెనకే భార్య ఎల్లవ్వ. అరవై దాటిన మనిషి. మంజులను కరిచిన జాతి పిడుదే అతన్నీ కరిచింది. పదకొండు నెలల మందు అయిపోయింది. ఇంకొక్క నెల ఎక్కిస్తే జబ్బు వదిలినట్టేనని డాక్టర్ల మాట. వచ్చీ రాగానే, "మా గొర్ల డాక్టరమ్మ ఎట్లున్నది?" అని అడిగాడు.

"ఉన్నది కాకా," అంది సుగుణ. అంతకన్నా ఏమీ చెప్పలేకపోయింది.

కరుణ సూది పెట్టి పని మీద అవతలికి వెళ్లింది. ఆ సూదిలోంచి పోయేంత సన్నని కుంచె ఒకటుంది. దాంతో గొట్టం లోపలి పొరను గీకి తీయొచ్చు. ట్రేలో మూత కప్పి పెట్టుకుంది సుగుణ. రెండు నిమిషాల పని. అతనికి నొప్పి కూడా ఉండదు. తర్వాత ఏమైనా అయితే అతను ఎన్నటికీ దీనికి ముడిపెట్టుకోడు. గీకిన చోట పొర చిరుగుతుంది. చిరిగిన చోట చెడ్డ క్రిమి దూరొచ్చు, దూరకపోనూ వచ్చు. సుగుణ గ్లవ్సు తొడుక్కుని మూత తీసింది. కుంచె చేతిలోకి తీసుకుంది.

"గా కుంచె నాకెరుకనే," అన్నాడు బీరయ్య మెడ వంచి చూస్తూ. "పోయిన కార్తీకంల ఒకపారి వెట్టిండ్రు. ఆనాడు వేలుముద్ర తీస్కున్నరు. ఇయ్యాల మర్చిపోయినవా బిడ్డా?"

అతని గొంతులో అనుమానం లేదు. తన బొటనవేలు ముందే చాపాడు కూడా. సుగుణకు ఆ వేలు చూడగానే దుఃఖం ఆగలేదు. కుంచెను ట్రేలో పడేసి, స్టూలు మీద కూలబడి మొత్తం చెప్పింది. సగం అతనికి అర్థమయ్యేట్టు చెప్పింది, మిగతా సగం ఎల్లవ్వ అడిగి చెప్పించుకుంది.

"అంటే దొంగతనంగ తీస్తున్నవా?" అంది ఎల్లవ్వ. ఆమె లేచి భర్తకూ ట్రేకూ మధ్య నిలబడింది. "మేము సదువురానోళ్లమనా? పదకొండు నెల్లు గడియ గడియ లెక్క వెట్టుకున్న నేను. ఇంకొక్క నెల. ఒక్క నెలకాడ నా మొగని పానం మీదికి తెస్తవా?"

"తప్పే చిన్నమ్మా."

"తప్పంటే అయిపాయెనా? పొద్దుగూకే యాల్ల తోడే ఎవ్వలియ్యరు. పానమిస్తరా?"

కరుణ వచ్చి సూది తీసేదాకా బీరయ్య గోడవైపు చూస్తూ కూర్చుని, గొంగడి భుజాన వేసుకుని భార్య వెనకాల వెళ్లిపోయాడు. కనీసం తిట్టినా బాగుండేదనిపించింది సుగుణకు.

సాయంత్రానికి మంజుల పెదాలు కాస్త నీలంగా మారాయి. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. పక్కన కూర్చుని అక్క చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నది. సుగుణ చెప్పడం ముగించాక కళ్లు తెరిచి, "అడిగినవా, తీసుకున్నవా?" అంది.

"తీసుకోబోయిన. ఆయన వేలు చూపెట్టిండు."

"అక్కా, ఆయన మందల నూట ఇరవై గొర్రెలకు సూదులేసిన నేను. ఒక్కదానికి కూడా ఆయన్ని అడక్కుండా వెయ్యలే." ఊపిరి అందక ఆగింది. "నా కోసం దాచినవు. నా కోసం దొంగతనం చెయ్యబోయినవు. అన్నీ నా పేరు మీద రాస్తున్నవు గానీ, నన్నొక్కసారి అడిగినవా? నీ చెడిపోయిన దాన్ని నాకు పెట్టేముందు అడిగితే వద్దనేదాన్నేమో. పెట్టమనేదాన్నేమో. నాకు ఆ ఛాన్సే ఇయ్యలేదు."

కోపం తెచ్చుకోవడానికి కూడా చెల్లెలికి ఊపిరి చాలడం లేదని సుగుణకు కనిపిస్తూనే ఉంది. అది అన్నిటికన్నా బాధగా ఉంది.

"ఇప్పుడేం చెయ్యమంటవో చెప్పు మంజూ."

"జరిగిందంతా రాయి. నేను బతికినా రాయి, చచ్చినా రాయి."

సుగుణ ఆ గదిలోనే, చెల్లెలి మంచం పక్కనే కూర్చుని రాసింది. కరెంటు పోయిన తేదీ, చచ్చిన సీసాల సంఖ్య, తను దాచిన సంగతి, తొంభై ఆరు రోజులు, మొదటిసారి తీగ సాగిన రోజు, కుంచె. ఒక ప్రతి ప్రయోగాలను పర్యవేక్షించే సంఘానికి పంపింది, ఒకటి ఫసియుద్దీన్ గారి చేతికిచ్చింది. ఆయన నిలబడే చదివారు. "రేపు వాళ్లు మీ ల్యాబు తాళాలు తీసుకుంటరు," అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

శుక్రవారం తెల్లారి ఏడింటికి బీరయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎల్లవ్వ రెండు మెట్లు కింద, ముఖం తిప్పుకుని కూర్చుంది.

"రాసినవంట గదా?" అని అడిగాడు. కరుణ చెప్పిందట.

"రాసిన కాకా."

"మా దిక్కు ఒక పద్ధతున్నదమ్మా. మందల రోగమొస్తే పక్క మందలోనికి కేకేసి చెప్పాలె. చెప్పినోనికి పొట్టేలు చచ్చిపోతే తలా ఒకటిచ్చి నిలవెడ్తం. దాచినోనికి మాత్రం మంచినీళ్లు గూడ ఇయ్యం." లేచి నిలబడ్డాడు. "నువ్వు దాచినవు. తర్వాత చెప్పినవు. ఇది ఏ లెక్కలకొస్తదో నిన్న రేతిరంత ఆలోచన జేసిన, తెగలే. కానీ గొర్ల డాక్టరమ్మ ఏం దాచలే గదా. ఆమెకిస్తున్న, నీకు గాదు."

"ఏదన్నా అయితే?" అంది సుగుణ. "పొర చిరిగితే నీకు—"

"అయితదో కాదో నీకెర్కనా?"

"తెల్వదు."

"గిట్ల నిజం చెప్పు. బాగుంటది," అని బొటనవేలు చాపాడు. ఎల్లవ్వ వాళ్లతో లోపలికి వచ్చింది గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. కాగితం మీద వేలుముద్ర పడుతుంటే మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

కుంచె ఫసియుద్దీన్ గారే పట్టుకున్నారు. నువ్వుగింజంత పొర వచ్చింది. తీగ సాగలేదు, శుభ్రంగా తెగింది. తర్వాత పోర్టును ఉప్పునీళ్లతో కడిగి గడియారం చూడటం మొదలుపెట్టారు. గంట దాటితే గండం గడిచినట్టే. పావుగంట. అరగంట. బీరయ్య కుర్చీలో కూర్చుని మంద సంగతులు చెబుతున్నాడు. నలభై నిమిషాలప్పుడు గొంగడి దగ్గరికి లాక్కున్నాడు. నలభై ఏడో నిమిషంలో, "ఫ్యాను ఆపుండ్రి," అన్నాడు. ఫ్యాను ఎవరూ వేయలేదు.

ఎల్లవ్వ చూపు సుగుణ మీద నిలిచింది. ఆ చూపును సుగుణ ఈ జన్మకు మరిచిపోలేదు.

బీరయ్య పళ్లు టకటకా కొట్టుకున్నాయి, కుర్చీ చప్పుడు చేసింది. పరుగులు, రక్త పరీక్షలు, మందులు. మధ్యాహ్నానికల్లా అతని పోర్టు తీసేయాల్సి వచ్చింది. బీరయ్య ప్రాణానికి భయం లేదన్నారు. ఇంకొక్క నెల మందు మాత్రం ముసలి చేతి నరాలు వెతికి వెతికి ఎక్కించాల్సిందే. అదే రోజు కేంద్రం నుంచి మనిషి వచ్చి సుగుణ దగ్గర తాళాలు తీసుకున్నాడు. బీరయ్య పొర పెరుగుతున్న కుప్పె దగ్గరికి కూడా ఆమెను వెళ్లనివ్వలేదు. ఏ వేడిలో పెట్టాలో, ఎన్ని గంటలకు ఎంత తీయాలో, గుమ్మం బయట నిలబడి చెబితే లోపలివాళ్లు చేశారు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మంజుల పోర్టులోకి మొదటి చుక్క పంపారు. రక్తం వెనక్కి రాకపోయినా, ముందుకు పోవడానికి కొంచెం సందు మిగిలింది. అదొక్కటే అదృష్టం. చుక్క చుక్కగా, గంటన్నర. తర్వాత ఎదురుచూపు. తెర మీద తోక ఊగుతూనే ఉంది. నాలుగింటికి ఊగుతోంది. అయిదింటికి ఊగుతోంది. అండాలమ్మ వసారాలో నడుస్తూ దేవుళ్లందరి పేర్లూ అయిపోగొట్టి మళ్లీ మొదటికొచ్చింది. అయిదున్నర దాటాక ఫసియుద్దీన్ గారు తెరకు దగ్గరగా వంగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగారు.

"పలచబడ్తున్నది," అన్నారు.

ఆరింటికి తోక సగమైంది. ఏడింటికి దాని నీడే మిగిలింది. కరుణ సిరంజి పట్టుకుని, ఈసారి చెయ్యెత్తమనలేదు, దగ్గమనలేదు. మెల్లగా వెనక్కి లాగింది. గొట్టంలోకి ఎర్రగా, వెచ్చగా రక్తం వచ్చింది.

"వచ్చింది!" అని ఆమె అరిచిన అరుపుకు వసారాలో ఉన్న అండాలమ్మ లోపలికి పరుగెత్తుకొచ్చింది. సుగుణ చెల్లెలి పాదాలు పట్టుకుని వలవలా ఏడ్చింది. మంజుల కళ్లు తెరవకుండానే, "బీరయ్య కాక ఎట్లున్నడు?" అంది.

మూడు వారాల తర్వాత బీరయ్యకు మళ్లీ పోర్టు పెట్టారు. చేతి నరాలు లొంగలేదు మరి. ప్రయోగం ఆగిపోయినా, అతని పొర అతనికే పెట్టడానికి సంఘం ప్రత్యేకంగా ఒప్పుకుంది. విచారణ ముగిసేదాకా సుగుణ లోపలికి వెళ్లకూడదు. వసారాలో గోడకు ఆనుకుని నిలబడింది. చేతికర్ర సాయంతో నడుస్తున్న మంజుల మాత్రం లోపలికి వెళ్లి కాక పక్కన కూర్చుంది. వసారాలో బల్ల మీద ఎల్లవ్వ, ఒళ్లో స్టీలు గిన్నె. ఈ మూడు వారాల్లో ఆమె సుగుణతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

పోర్టు పెట్టడం అయింది. కడగడం అయింది. గడియారం మొదలైంది.

పావుగంటయింది. అరగంటయింది. నలభై నిమిషాలకు ఎల్లవ్వ బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. నలభై ఏడుకు ఇద్దరి చూపూ తలుపు మీదికి పోయింది. లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"నిల్సున్నవేంది, కూసో," అంది ఎల్లవ్వ, తలుపు మీదినుంచి చూపు తిప్పకుండా.

సుగుణ బల్ల చివర కూర్చుంది.

"గాయనకు వెట్టింది మా తోడేనా?"

"మీదే చిన్నమ్మా. ఇరవై సీసాలు చేసి అయిదు ఊర్లకు పంపిండ్రు. ఒక దగ్గర చెడిపోతే ఇంకో దగ్గర అడిగి తెచ్చుకునేటట్టు. వాటి మీద నా పేరు లేదు. బీరయ్య అని రాసి ఉన్నది."

ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. యాభై. యాభై అయిదు. గంట దాటింది. ఇంకో పది నిమిషాలు దాటినా ఎవరూ లేవలేదు. అప్పుడు తలుపు తెరుచుకుని కరుణ బయటికి వచ్చింది.

"చలి పెడ్తుందంటుండా?" అని అడిగింది ఎల్లవ్వ.

"లేదవ్వా. ఆకలైతుందంట."

ఎల్లవ్వ మొహం మొదట నవ్వులోకి, ఆ వెంటనే ఏడుపులోకి మారింది. చాలాసేపు కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని గిన్నె మూత తీసింది. లోపల జొన్నరొట్టెలు, పెరుగు. రెండు రొట్టెలు ఆకులో చుట్టి, పెరుగులో కొంత మూతలోకి తీసి మొగుడి కోసం పక్కన పెట్టుకుంది. మిగిలింది గిన్నెతో సహా సుగుణ ఒళ్లో పెట్టింది.

"తిను. ఎన్ని దినాలయిందో మంచిగ తిని," అంది. నాలుగడుగులు లోపలికి వేసి వెనక్కి తిరిగింది. "గిన్నె వచ్చే బేస్తారం నాడు తెచ్చియ్యి. ఖాళీగ తేకు."